పిండి కొడితే అరిచే వాచీ

రొట్టెల దుకాణం ముందు ఒక బెంచీ ఉంది. పొద్దున్నే ఆ బెంచీ మీద కూర్చునే ముగ్గురికీ లోకంలో కొత్తగా వచ్చే ప్రతి ఫోను మీదా ఒక అభిప్రాయం ఉంది. ఆ ఫోన్లను వాళ్లలో ఏ ఒక్కరూ చేత్తో ముట్టుకుని ఎరగరు. ముట్టుకోకపోతేనేం, నోరుందిగా.

మాస్టారు బడి నుంచి రిటైరై చాలాకాలమైంది. వార్త చదవడం ఆయన వంతు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఫోనును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, వెనకబెంచీ పిల్లలక్కూడా వినిపించాలన్నట్టు చదువుతారు. చదివినదాన్ని కొట్టిపారెయ్యడం బస్సు డ్రైవరు వంతు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పడం టైలరు వంతు. మడతపెట్టే ఫోను వచ్చిందని మాస్టారు చదివిన రోజున, మడత మంచం చూశాం, మడత కుర్చీ చూశాం, ఏదైనా ముందు విరిగేది మడత దగ్గరేనని డ్రైవరు తేల్చేశాడు. గుడ్డకైనా చిరుగు పుట్టేది మడతలోనే అని టైలరు ముద్ర వేశాడు. చార్జరు ఇవ్వకుండా ఉత్త ఫోను అమ్ముతున్నారంటే, గుండీలు లేకుండా చొక్కా కుట్టివ్వడమేనన్నాడు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే కంప్యూటరు సంగతి వచ్చినప్పుడు మాత్రం లోపల్నుంచి రొట్టెలమ్మ గొంతు వినిపించింది. దానికన్నీ తెలుసట, తెలీదని చెప్పడం ఒక్కటే తెలీదట, అలాంటివాళ్లు మన చుట్టాల్లోనే బోలెడుమంది ఉండగా కొత్తగా కొనుక్కోవడం దేనికని ఆవిడ సందేహం.

వీధి వీధంతా ఆవిణ్ణి రొట్టెలమ్మ అనే పిలుస్తుంది. పిండి కలపడానికి దుకాణంలో మిషనుంది గానీ దాని పని కలపడం వరకే. ఆ తర్వాత ముద్దను రెండు చేతులా తలెత్తుకు లేపి, బల్లకేసి దభీమని కొట్టి, సాగదీసి, మడిచి, మళ్లీ కొట్టాలి. అలా కొట్టగా కొట్టగా పిండి చెవి తమ్మెలా మెత్తబడుతుంది. అప్పుడే అది బట్టీలో పొంగుతుంది. ఆవిడకీ పని నేర్పిన అత్తగారు, పిండికి దెబ్బా, మొగుడికి మాటా తక్కువ కాకూడదనేది. మొగుడు పోయాడు, అత్తగారూ పోయింది. ఇప్పుడు రొట్టెలమ్మ చేతిలో మిగిలింది పిండి ఒక్కటే. ఆవిడ దాన్ని ప్రేమగా చావబాదుతుంది.

ఆ చప్పుడు నచ్చని మనిషి వీధిలో ఒకావిడ ఉంది. దుకాణం మీది వాటాలో ఒంటరిగా ఉండే మేడమీదావిడ. కోడి కూయకముందే ఈ దభీదభీలేమిటని ఒకప్పుడు కిందికొచ్చి అడిగింది. కోడి కూశాక రొట్టెలు చేస్తే ఎవడు తింటాడని రొట్టెలమ్మ అంది. ఆ మాటతో ఇద్దరికీ మాటల్లేవు. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, మాటలు లేకపోయినా రొట్టె మాత్రం ఆగలేదు. రోజూ ఓ వేళకి మేడ కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగేది, రొట్టె ఎక్కించుకుని పైకి పోయేది. బుట్టతో ఎవరికి మాత్రం తగువుంటుంది!

ఇలా సాగిపోతుండగా రొట్టెలమ్మ పడింది. అదీ దుకాణం సెలవు రోజున. సెలవు కదా, బట్టీ అడుగున బూడిద తీసేద్దామని ఎవరికీ చెప్పకుండా వెళ్లి, తడి నేల మీద కాలు జారింది. పడ్డదానికన్నా లేవలేకపోయినందుకు ఎక్కువ బాధపడింది. మూసిన దుకాణంలో మనిషుంటుందని ఎవరనుకుంటారు? మిట్టమధ్యాహ్నం దాకా అక్కడే పడి ఉంది. అక్క ఇంట్లో లేదేమిటా అని వెతుక్కుంటూ తమ్ముడు వచ్చి షట్టరు ఎత్తేసరికి, బూడిద కొట్టుకున్న మొహంతో, ఇప్పుడా రావడం అని అడిగింది.

ఎముకలు విరగలేదు గానీ ఇంట్లో ధైర్యం విరిగింది. ఆవిడ కొడుకు లారీ మీద తిరిగే మనిషి, ఇంటి మంచిచెడ్డలన్నీ అత్తాకోడళ్లవే. కోడలిది ఆన్‌లైన్‌లో వంటసామాన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని పగలంతా ఎవరెవరి తిట్లో తిని, ఇంటికొచ్చి నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ ఓర్పు చూసే రొట్టెలమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. అలాంటి పిల్ల ఆ రోజు మంచం పక్కన కూర్చుని ఒక్క మాటే అంది: ఒంటరిగా దుకాణం తెరవాలంటే చేతికి వాచీ ఉండాలి, లేదంటే తాళంచెవి ఇచ్చెయ్యాలి.

అది మామూలు వాచీ కాదు. పెట్టుకున్న మనిషి పడితే కనిపెడుతుంది. బాగానే ఉన్నారా అని గొంతెత్తి అడుగుతుంది. జవాబు లేకపోతే తానే ఇంట్లోవాళ్లకు ఫోన్లు కొడుతుంది. ఏ వస్తువు కొనాలన్నా ముందు దాన్ని తిట్టినవాళ్ల రాతలన్నీ చదివి, ఆ తర్వాతే పొగిడినవాళ్ల జోలికి వెళ్లే రకం కోడలు. అలా జల్లెడపట్టి తెచ్చిన వాచీని అత్తగారి చేతికి తనే పెట్టింది. రొట్టెలమ్మ కూడా మురిసిపోయింది. గాజుల పక్కన నల్లగా, దిష్టిచుక్కలా బాగుందంది.

మర్నాడు పొద్దున మొదటి ముద్ద ఎత్తి బల్లకేసి కొట్టిందో లేదో, ముంజేతి మీద వాచీ గజగజా వణికి అరిచింది.

"మీరు కింద పడినట్టున్నారు. బాగానే ఉన్నారా?"

రొట్టెలమ్మ నిజంగానే పడ్డానా అని ఓసారి కాళ్లకేసి చూసుకుంది. ఆపడానికి అద్దం మీద బాగున్నానన్న చోట వేలు పెట్టాలి. వేళ్లకేమో మోచేతుల దాకా పిండి. ఎంత నొక్కినా దానికి పిండే తెలుస్తుంది గానీ వేలు తెలియదు. చివరికి వంగి ముక్కుతో నొక్కింది. ఆ ముక్కు ఎక్కడ తగిలిందో ఏమో, సాయం కావాలన్న చోట తగిలి ఉండాలి, ఫోన్లు వెళ్లిపోయాయి.

తమ్ముడు ఒంటికాలికి చెప్పుతో సైకిలెక్కి వచ్చాడు. ఆ వారం కోడలిది తెల్లవారుజాము డ్యూటీ. మిక్సీ పాడైందని అవతల మనిషి నిప్పులు చెరుగుతుండగా, క్షమించండి, మా అత్తయ్య పడిపోయిందంటూ లేచింది. ఆ మనిషికే జాలేసి, మిక్సీదేముందమ్మా ముందు నువ్వెళ్లు అన్నాడట. తీరా వచ్చి చూస్తే అత్తగారు ముక్కుకు పిండితో నిలబడి ఉంది. ఆ రోజుకి అందరూ నవ్వుకున్నారు.

రెండోసారి నవ్వు సగమైంది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

బెంచీకి మాత్రం పండగే. ఇన్నాళ్లూ ఎక్కడివో వార్తలు చదువుకున్నవాళ్లకు ఇంట్లోనే వార్త పుట్టింది. మరో చేతికి కట్టి చూడమన్నారు మాస్టారు. ముద్ద ఎత్తేది రెండు చేతులతో అని ఆయనకు గుర్తులేదు. డ్రైవరైతే అసలు ఆ కంపెనీనే నమ్మొద్దన్నాడు. తన ఫోన్లో దారి చెప్పే ఆడగొంతు ఒకసారి బస్సును తిన్నగా మురుక్కాలవలోకి తిప్పమందట. జేబులో వేసుకుంటే కుదుపు తగలదని టైలరు అన్నాడు. తగలదు సరే, రేపు నిజంగా పడితే జేబుకు మాత్రం ఏం తెలుస్తుందని కోడలు కొట్టిపారేసింది. అరుపుల్ని తగ్గించుకునే ఏర్పాటు వాచీలోనే ఉంటుందేమోనని ఆ పిల్ల వెతకని మూల లేదు. ఉన్నది రెండే రెండు దారులు. అరవనివ్వడం, లేదా పూర్తిగా నోరు మూయించడం.

ఆఫీసులో కోడలి పైఅధికారి పిలిచి, సీటు వదిలి పోవడం ఇదే ఆఖరు కావాలన్నాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తగారి పక్కన కూలబడింది.

"అత్తయ్యా, నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి. అది అరుస్తుందనీ కాదు నా భయం. అరిచీ అరిచీ, మీరు నిజంగా పడ్డ రోజున, ఆ పిండేలే అనుకుని నేను రాకుండా ఉండిపోతానేమోనని."

రొట్టెలమ్మకేం, కోపంగా అంటే తిప్పికొట్టేది, ప్రేమగా అన్నదాన్ని ఎలా తిప్పికొడుతుంది? నెలాఖరుకల్లా దుకాణం ఎవరికైనా అప్పగిద్దామని కోడలు అంది. రొట్టెలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"కొన్నాళ్లు చూడవే. ఇకమీదట అది అరవదు."

"ఎలా అరవదు?"

"అరవదన్నానుగా."

మాట తప్పలేదు. మర్నాటి నుంచి వాచీ అరవలేదు. అరవకుండా ఎలా ఆపిందయ్యా అంటే, కొట్టడం మానేసింది. ముద్దను ఎత్తి, పసిబిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు బల్ల మీద దించేది. మునివేళ్లతో జోకొట్టేది. వాచీ హాయిగా ఊరుకుంది. కోడలు ఫోన్లో చూసుకుంటే అత్తగారి గుండె కొట్టుకుంటున్నట్టు, నడుస్తున్నట్టు, అంతా సవ్యంగా ఉన్నట్టు పచ్చరంగులో కనిపించేది. ఆ పిల్ల మొహంలో మళ్లీ కళ వచ్చింది. అది చూసి రొట్టెలమ్మ మింగలేకా కక్కలేకా ఊరుకుంది.

రొట్టె మాత్రం ఊరుకోలేదు. పైకి మామూలుగానే ఉన్నా, కోస్తే లోపల బిగుసుకుపోయి, సబ్బుబిళ్లలా తగిలేది. మొదటి వాయి తీసిన రోజున తనే ఒక ముక్క నోట్లో పెట్టుకుని, గోడ వైపు తిరిగి నమిలింది. ఇన్నేళ్లలో తన చేతి మీద తనకు అనుమానం రావడం అదే మొదలు. బెంచీ మీది ముగ్గురూ ఆ రొట్టే తిన్నారు. కొత్త ఫోన్ల మీద అంత నిర్దయగా తీర్పులిచ్చేవాళ్లకు, ఎదురుగా ఉన్న రొట్టె మీద నోరు పెగల్లేదు. బాగుందమ్మా అన్నాడు టైలరు. మాస్టారు రెండు గుక్కల నీళ్లెక్కువ తాగారు. డ్రైవరు సగం ముక్క జేబులో దాచుకుని, బస్టాండు కుక్కకు వేశాడు. కుక్క కాసేపు ఆలోచించిందట.

కొనేవాళ్లు కొంచెం కొంచెంగా పలచబడ్డారు. ఎవరూ ఏమీ అనరు, రావడం మానుకుంటారు, అంతే. వాచీ నోరు మూయించి దుకాణం నిలబెట్టుకుందామనుకుంటే, దుకాణమే చేతుల్లోంచి జారిపోతోందని రొట్టెలమ్మకు అర్థమైంది. కొడితే తాళంచెవి పోతుంది. కొట్టకపోతే రొట్టె పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇదంతా జరిగేటప్పుడు మేడమీదావిడ ఊళ్లో లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే వెళ్లింది. ఒకరోజు చీకటి పడేవేళకు తిరిగొచ్చి, అలసటగా పడుకుంది. పొద్దున్నే ఎప్పటి వేళకు కళ్లు తెరిచింది. చెవులు రిక్కించింది. కిటికీలోంచి చూస్తే కింద దీపం వెలుతురు వీధిలోకి పడుతోంది, షట్టరు సగం ఎత్తి ఉంది, చప్పుడు లేదు. కాసేపు చూసింది. ఉహూఁ. ఎన్నో ఏళ్లుగా ఆగమని తిట్టుకున్న చప్పుడు ఆగిపోయేసరికి ఆవిడ చెయ్యి ఫోను మీదికి పోయింది.

జుట్టు ముడి కూడా వేసుకోకుండా మెట్లు దిగుతూ, రొట్టెలమ్మ కోడలికి ఫోను చేసింది. ఆ నంబరు ఎందుకు దాచుకుందంటే, ఏదో ఒకనాడు ఈ గోల మీద ఫిర్యాదు చెయ్యడానికి. ఫిర్యాదులు వినడమే ఆ పిల్ల ఉద్యోగమని ఎవరో చెప్పారట. మీ అత్తగారి చప్పుడు లేదమ్మా, త్వరగా రా అంది. ఆ రోజు కోడలికి ఆలస్యపు డ్యూటీ, ఇంట్లోనే ఉంది. ఫోన్లో చూస్తే వాచీ పచ్చగా నవ్వుతోంది. గుండె కొట్టుకుంటోంది, పడలేదు, అంతా బాగుంది. అయినా అవతలి గొంతులో కంగారు విన్నాక కాలు నిలుస్తుందా? పరుగెత్తుకొచ్చింది.

వచ్చేసరికి మేడమీదావిడ సగం ఎత్తిన షట్టరును దడదడా పైకి తోస్తోంది. అప్పుడే బెంచీ దగ్గరికి చేరుకుంటున్న ముగ్గురూ గుమిగూడారు. లోపల రొట్టెలమ్మ పిండిముద్దను ఒళ్లో బిడ్డలా పట్టుకుని తెల్లబోయి నిలబడింది.

"బతికే ఉన్నావా?" అంది మేడమీదావిడ. ఎన్నో ఏళ్ల తర్వాత ఆవిడ అన్న మొదటి మాట అది.

"ఉండకేం."

"మరి చప్పుడేది?"

రొట్టెలమ్మ వాచీకేసి చూసింది. ఆపైన కోడలికేసి చూసింది. మేడమీదావిడ చొరవగా లోపలికొచ్చి, రొట్టెల బుట్టలో ఉన్న నిన్నటి రొట్టె తీసి విరిచింది. అది విరగలేదు, వంగింది. ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, బెంచీ జనం వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ మీరు దీన్నే తిన్నారా?"

టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు. మాస్టారు ఫోను జేబులో పెట్టేశారు.

"తిన్నాం. పెద్దమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకనీ..." అని డ్రైవరు నసిగాడు.

"మనసు సరే, పళ్ల మాటేమిటి?" అందావిడ.

అప్పటికి కోడలికి సంగతి తెలిసొచ్చింది. బల్ల మీద నీరసంగా పరుచుకున్న పిండిని చూసింది, అత్తగారి చేతుల్ని చూసింది. తన ఫోన్లో కనిపించిన పచ్చరంగంతా ఈ రొట్టెల్లోంచి పిండుకున్నదేనని అర్థమై, ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పొచ్చుగా అత్తయ్యా అంది. చెబితే తాళంచెవి అడుగుతావని చెప్పలేదంది రొట్టెలమ్మ. ఉన్నమాటే, దాచేదేముంది.

కానీ కోడలు వెంటనే మెత్తబడే రకం కాదు. చప్పుడు ఆగితే వీధంతా వస్తుంది సరే, మరి ఆవిడ పడ్డనాడు మధ్యాహ్నం దాకా ఎవరూ ఎందుకు రాలేదని నిలదీసింది. ఆ మాటకు అందరూ తలలు దించుకున్నారు, ఒక్క మేడమీదావిడ తప్ప.

"ఆ రోజు సెలవు కదమ్మా. సెలవునాడు చప్పుడుండదని నేనూ పొద్దెక్కేదాకా పడుకుంటాను. మిగతా రోజులంటావా, ఆ చప్పుడు వినకుండా నేను మంచం దిగను."

చప్పుడంటే మండిపడే మనిషి దాంతోనే పొద్దు తెలుసుకుంటోందన్నమాట. రొట్టెలమ్మ ఆవిడ ముందుకు ఒక ముక్కాలిపీట జరిపింది. ఎదుటి మనిషి మెట్టు దిగివచ్చినప్పుడు ఆ మెట్టును లెక్కపెట్టకూడదు.

కోడలు అత్తగారి చేతికున్న వాచీ తనే విప్పి, గోడకున్న మేకుకు తగిలించింది. పిండి కొట్టేంతసేపూ అది మేకు మీదే ఉంటుందంది. ఆ కాసేపూ కాపలా మేడ మీది చెవులది. కొట్టడం అయ్యాక, బట్టీ దగ్గరికి వెళ్లేముందు వాచీ చేతికెక్కాలి. సెలవునాడు దుకాణంలో కాలు పెడితే చేతికి వాచీ ఉండాలి, పైకి ఒక కేకా వెయ్యాలి. ఇందులో ఏది తప్పినా తాళంచెవి తనది. వాచీ ఫోను చేసే మనుషుల్లో మేడమీదావిడ పేరు కూడా అప్పటికప్పుడే చేర్చింది.

"ఒప్పుకున్నట్టేనా అత్తయ్యా?"

"ఒప్పుకున్నా. ముందు పక్కకు జరుగు."

ముద్ద పైకి లేచింది. దభీమని పడింది. బల్ల కాళ్లు కదిలాయి, పిండి దుమ్ము లేచి టైలరు మీసాలు తెల్లబడ్డాయి. వాచీ మేకు మీద బుద్ధిగా వేలాడింది. ఆ వాయి రొట్టెలు ఎలా పొంగాయో వేరే చెప్పనక్కర్లేదు. ముగ్గురూ మాట్లాడకుండా తిన్నారు. వాళ్ల విషయంలో అంతకన్నా పెద్ద అభిప్రాయం లేదు.

అయినా కోడలికి ఆ వాచీ సంగతి మనసులో నలుగుతూనే ఉంది. సెలవు దొరికిన పూట పిండిబస్తా మీద కూర్చుని, కంపెనీవాళ్లకు అభిప్రాయం రాద్దాం, మీరు చెప్పండి, నేను టైపు కొడతానంది. పగలంతా తను వినే ఫిర్యాదులన్నిటిలోనూ ఒకటే బాధ ఉంటుందట: మేం చెప్పేది మీ మిషను వినిపించుకోవడం లేదని. కోర్టుకు లాగుతామని రాయమన్నాడు డ్రైవరు. ముందు వ్యాకరణం సరిచూడాలన్నారు మాస్టారు. రొట్టెలమ్మ ఇద్దర్నీ ఊరుకోమంది.

"దాన్ని తిట్టి రాయకమ్మాయ్. మనిషి పడిందేమోనని కంగారుపడింది పాపం. కంగారుపడటం మంచి బుద్ధే. దేనికి కంగారుపడాలో ఎవరూ నేర్పలేదు, అంతే. రొట్టెలు చేసేవాళ్లు ఇలా కొడతారని చెప్పు. నాలాంటివాళ్లు లోకంలో చాలామంది ఉంటారని కూడా చెప్పు."

ఎన్ని నక్షత్రాలిద్దామంది కోడలు. రొట్టెలమ్మ సగం ఇమ్మంది, మిగతా సగం నేర్చుకున్నాక ఇద్దామంది.

జవాబు రాదని డ్రైవరు పందెం కాశాడు. చాన్నాళ్లు రాలేదు కూడా. బెంచీ మళ్లీ తన వార్తల్లో పడింది. ఊరికే ఇస్తామన్న సినిమాల యాప్‌లో ప్రకటనలు పెడుతున్నారని మాస్టారు చదివితే, అస్తరు బాగుందని చూపించి మోటుగుడ్డ అంటగట్టినట్టని టైలరు విసుక్కున్నాడు. అలాంటి ఒక పొద్దున కోడలు ఫోను పట్టుకుని వచ్చింది. వాచీ కంపెనీలో పనిచేసే ఎవరో అమ్మాయి రాసింది. మెట్ల మీంచి పడటం, స్నానాలగదిలో జారడం, అన్నీ మిషనుకు చూపించారట గానీ పిండి సంగతి ఎవరికీ తట్టలేదట. పెద్దావిడకు అభ్యంతరం లేకపోతే వాచీ పెట్టుకుని మామూలుగా పని చేసుకోమందట. అది అరిచిన ప్రతిసారీ, ఇది పడటం కాదు, పని అని చెబితే, ఆ తేడా మిగతా వాచీలన్నిటికీ నేర్పడానికి చూస్తారట.

ఆ అమ్మాయి చెప్పినట్టు, ఈ నేర్పే కాసేపూ ఫోన్లు ఎవరికీ వెళ్లకుండా కట్టేశాను, భయం లేదంది కోడలు.

మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు బిగ్గరగా చదివారు. మాటలదేముంది, ఎవరైనా రాస్తారని డ్రైవరు అన్నాడు గానీ, బస్సు వేళ దాటిపోతున్నా కదల్లేదు. రొట్టెలమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, ముంజెయ్యి చాచింది. కోడలు వాచీ పెట్టింది.

ముద్ద పడింది. మీరు కింద పడినట్టున్నారు అంది వాచీ. కోడలు చూపుడువేలితో అద్దాన్ని తాకి, పడలేదు, పని చేస్తోంది అని చెప్పింది. మళ్లీ ముద్ద పడింది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. ఆ పిల్ల ఓర్పుకు హద్దు లేదు, ఉద్యోగమే అది కదా.

"ఇలా ఎంతసేపు కొట్టాలే?" అంది రొట్టెలమ్మ.

"దానికి అర్థమయ్యేదాకా అత్తయ్యా. త్వరగా అవుతుందో, ఆలస్యమవుతుందో."

"కానీలే. ఎటూ రేపూ చెయ్యాలి, ఎల్లుండీ చెయ్యాలి."

బట్టీ కాగుతోంది. వీధిలో తెల్లవారుతోంది. రొట్టెలమ్మ పిండిని అటు మడిచి, ఇటు మడిచి, రెండు చేతులా తలెత్తుకు లేపింది.